వెలుగువేటు

ఫింతాస్‌లో వంటింటి కిటికీ సముద్రం వైపు.
చేప కడిగిన చేతులు ఇంకా తుడుచుకోలేదు,
ఫవాజ్ నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పరిచాడు.
సనా దౌయియా, అని చదివాడు.
సనా అంటే ఏడాది. నాకు తెలుసు.
నా కాగితంలో నేను గుర్తుపట్టే ఒకే ఒక్క అరబ్బీ మాట,
దాని పక్కన రెండు అని ఉంటుంది.
మరి ఏడాది, దూరమెట్లా అయింది నాయనా?
వెలుగు ఏడాది పొడుగునా పరిగెత్తితే
ఎంత పోతుందో అంత, అన్నాడు.

ఓస్, అంతేనా.
మా కోడూరులో రైలుగేటు ఎంత దూరమంటే
కూతవేటు దూరం అంటాం.
గొంతు ఎందాక పోతే అందాక.
మీరు గొంతు తీసేసి దీపం పెట్టారు. వెలుగువేటు.
ఇది అరబ్బీలో చెప్పలేక
కిటికీలోంచి ఒక కేక వేసి చూపించాను.
మూడిళ్ళవతల డ్రైవరు పెంచలయ్య
తలుపు తీసి, ఏమైందక్కా? అన్నాడు.
అదిగో, ఆడిదాకా ఒకటి.

ఈ వెలుగేడాదిని పాతకాలం కొలతల్లోకి మార్చాలంట,
ఏ కొలతైనా సరేనంట.
పిల్లోడు నా చెయ్యి పట్టుకుని
మోచేతి నుంచి నడివేలి కొన దాకా
స్కేలు రెండుసార్లు జరిపి
నలభై మూడు, అని రాసుకున్నాడు.

నా గుండె జల్లుమంది.
బస్టాండు గేటు దగ్గర
పదకొండేళ్ళు కనకాంబరాలు అమ్మినదాన్ని.
ఓబులమ్మ మూర పొట్టిదని
పోస్టాఫీసు సారు పెళ్ళాం ఇంటికెళ్ళి టేపు తెచ్చి
అంగుళం తక్కువ, అని
బస్సు దిగినోళ్ళందరికీ వినపడేట్టు చదివింది.
చెయ్యి దేవుడిచ్చింది, కొసరు నేనిస్తా అని
ఆ పొద్దు నుంచి మూర మూరకీ బెత్తెడు వదిలేదాన్ని.
లెక్క తీస్తే ఎక్కువే పోయింది.
అది కొలవడానికి మాత్రం ఎవరూ టేపు తేలేదు.

ఫవాజ్ ఫోన్లో సున్నాలు నొక్కాడు,
తెరలో పట్టక మళ్ళీ మొదలుపెట్టాడు.
ఒక వెలుగేడాదికి నా మూరలు
రెండు వందల ఇరవై కోట్ల కోట్లు.
అంత దండకి
పూల సంగతి తర్వాత, దారం ఎవడిస్తాడు?

అప్పుడు లోపల్నించి వాళ్ళ తాత మర్జూక్ వచ్చాడు.
పన్నెండో ఏట ముత్యాల పడవెక్కిన మనిషి.
తాడుకి సీసం కట్టి వదిలి, పైకి లాగేటప్పుడు
రెండు చేతులూ చాచి లోతు లెక్కపెట్టేవాడంట.
బా, అన్నాడు చేతులు చాచి.
బార, అన్నాను నేనూ చాచి, తడిచేతులతోనే.
బా అన్నాడాయన.
బార అన్నాను.
ఆ చివరక్షరం మేం కలిపామో
వీళ్ళు సముద్రంలో పడేసుకున్నారో.

పడుచుతనంలో ముడులు వేసిన తాడు
ఆయన మంచం కింద డబ్బాలో ఇంకా ఉంది.
ముడికీ ముడికీ మీటరు డెబ్బై ఆరు.
ఆ లెక్కన సూర్యుడు
ఎనిమిది వేల ఐదు వందల కోట్ల బారలు.
ఇప్పుడు కొలవమని మళ్ళీ చేతులు చాచాడు.
ఎడమ భుజం లేవలేదు. మీటరు అరవై.
సూర్యుడు తొమ్మిది వేల మూడు వందల యాభై కోట్లు.
అంటే జద్దీ, నీకు సూర్యుడు
ఎనిమిది వందల యాభై కోట్ల బారలు జరిగిపోయాడు,
అన్నాడు పిల్లోడు, నవ్వకుండా.
తెలుసు, అన్నాడు ముసలాయన,
నాలుగేళ్ళుగా చలేస్తోంది.

తాడు మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టించుకున్నాడు.
పొయ్యి మీద పులుసు పొంగి మంట ఆరింది.
టీచరు ఒక జవాబే తీసుకుంటుందని
ఫవాజ్ నా మూరలే రాశాడు,
సున్నాలు ఒక్కోటి వేలితో ముట్టుకుంటూ.
చివరి సున్నా పక్కన నేను నాలుగు వేళ్ళు ఆనించి
అవతల పెన్సిలుతో గీత గీయమన్నాను.
కాగితం మీద కాస్త చేపవాసన అంటింది.
ఇదేంటి? అన్నాడు.
ఇది లెక్కలోకి రాదు.
గీయి, అన్నాను.